కర్రకీ బంతికీ నడుమ చిటికెడు పొడి

గుంటూరు పేరు చెబితే ఎవరికైనా మిర్చి ఘాటే గుర్తొస్తుంది. స్నూకర్ ఆడేవాళ్లకి మాత్రం ఇంకో సంగతి కూడా గుర్తుకు రావాలి. 1988లో ఆ ఊళ్లో జరిగిన పోటీల్లో గీత్ సేథి ఒకే బ్రేక్‌లో 147 పాయింట్లు కొట్టాడు. ఎదుటివాడి తప్పుల వల్ల కలిసొచ్చేవి పక్కన పెడితే స్నూకర్‌లో అంతకు మించిన బ్రేక్ లేదు. ఔత్సాహికుల పోటీల్లో ఆ అంకె అందుకున్న మొదటి ఆటగాడిగా సేథి పేరే చెబుతారు.

ఒక్కసారి లెక్క చూడండి. 15 ఎర్ర బంతులు. ప్రతి ఎర్ర బంతి తర్వాతా ఒక నల్ల బంతి. ఆ తర్వాత వరసగా ఆరు రంగు బంతులు. మొత్తం 36 దెబ్బలు. ముప్ఫయ్యారింట్లో ఒక్క దెబ్బకు కర్ర కొస బంతి మీంచి సర్రున జారినా కథ కంచికే. చూసేవాళ్ల కళ్లన్నీ బంతుల మీదే ఉంటాయి కానీ, ఆ దెబ్బకీ ఈ దెబ్బకీ మధ్య ఆటగాడి చేతులేం చేస్తున్నాయో చూడాలి. జేబులోంచి ఓ చిన్న ఘనాకారపు ముక్క తీస్తాడు. కర్ర కొసకు రెండు మూడుసార్లు రాస్తాడు. మళ్లీ జేబులో వేసుకుంటాడు. టీవీలో చూసేవాళ్లు దాన్ని సిగరెట్ వెలిగించుకోవడంలాంటి అలవాటు అనుకుంటారు. ఆ ముక్కే చాక్. ఆటలో అన్నిటికన్నా చవకైన వస్తువు. అది లేకపోతే మిగతా ఖరీదైన సరంజామా అంతా దండగే.

మనవాళ్లకి దీని విషయంలో ఒక తికమక ఉంది. దానికి కారణం క్యారమ్స్. వేసవి సెలవుల్లో బోర్డు మీద బోరిక్ పౌడర్ చల్లి కాయలు కొట్టని ఇల్లు లేదు కదా. ఆ పౌడర్ పని కాయలు జారేలా చెయ్యడం. దాంతో పూల్ పార్లర్లో మొదటిసారి అడుగుపెట్టిన కుర్రాడు, నీలంరంగు చాక్ కూడా అలాంటిదేననుకుంటాడు. నిజానికి ఇది దానికి పూర్తిగా ఎదురు. కబడ్డీ ఆటగాడు కూతకెళ్లే ముందు అరచేతులకి మట్టి రుద్దుకుంటాడే, అదీ దీనికి సరైన పోలిక. పట్టు జారకుండా ఉండటం కోసం!

సెకనులో వెయ్యోవంతు

కర్ర కొసన ఉండే తోలుబిళ్లను టిప్ అంటారు. స్నూకర్ కర్రకైతే ఇది 9 నుంచి 10 మిల్లీమీటర్లు, పూల్ కర్రకైతే 12, 13 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. ఆ తోలుబిళ్ల తెల్ల బంతిని తాకి ఉండే సమయం సుమారు సెకనులో వెయ్యోవంతు. బంతి గుండ్రం, నున్నగా అద్దంలా మెరుస్తుంటుంది. నట్టనడుమ కొడితే చాక్ ఉన్నా లేకపోయినా ఒకటే, బంతి తిన్నగా వెళ్తుంది. కానీ నట్టనడుమ కొట్టి గెలిచినవాడు లేడు. ఒక బంతిని గుంటలో వేశాక తెల్ల బంతి తర్వాతి బంతికి అనువైన చోట ఆగాలి. అందుకే పైన కొడితే ముందుకు ఉరుకుతుంది, కింద కొడితే వెనక్కి మళ్లుతుంది, పక్కన కొడితే కుషన్‌ను తాకాక కోణం మార్చుకుంటుంది. వీటన్నిటికీ టిప్ బంతి వంపు మీద తగలాలి. వంపు మీద తగిలిన తోలు జారకూడదు. ఇదీ చిక్కు.

స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. అంటే కేంద్రం నుంచి అంచుకి 26 మిల్లీమీటర్ల పైచిలుకు. చాక్ బాగా పట్టిన టిప్‌తో అందులో సగం దూరం వరకు, అంటే సుమారు 13 మిల్లీమీటర్లు పక్కకి జరిగి కొట్టొచ్చు. అది దాటితే ఎంత మంచి చాక్ అయినా కాపాడలేదు. చాక్ లేని టిప్‌కి ఆ హద్దు బాగా లోపలికి వచ్చేస్తుంది. ఆటగాడికి ఆ సంగతి ముందుగా తెలియదు. ఎప్పటిలాగే కొడతాడు, 'టిక్' మని పిట్టకూతలాంటి చప్పుడు వస్తుంది, బంతి ఎటో పోతుంది. క్లబ్బు భాషలో దాన్నే మిస్‌క్యూ అంటారు. గెలవాల్సిన ఫ్రేము ఆ ఒక్క చప్పుడుతో చేజారిన ఆటగాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

గోడకు రుద్దిన కర్రలు

తోలుబిళ్ల రాకముందు కర్ర ఉత్త కర్రే. కొయ్య కొసతో బంతిని కొడితే జారక ఏం చేస్తుంది? ఆ రోజుల్లో యూరప్‌లోని బిలియర్డ్స్ గదుల్లో ఆటగాళ్లు తమ వంతు రాగానే కర్ర కొసను సున్నపు గోడకో, పైకప్పుకో ఆనించి తిప్పేవాళ్లు. కాస్త సున్నం అంటుకుంటే గరుకు వస్తుందని. గోడల నిండా గుంటలు! ఆ గదుల యజమానులు ఎంత లబోదిబోమన్నారో ఊహించుకోవచ్చు.

తోలుబిళ్ల ఘనత ఫ్రాన్స్ పదాతిదళంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాంస్వా మింగోది. రాజకీయాల్లో నోరు జారి జైలుపాలయ్యాడు. జైల్లో బిలియర్డ్స్ బల్ల ఉండేదట. అక్కడే కొయ్య కొసకు తోలు అతికించి చూశాడనీ, 1807 ప్రాంతంలో విడుదల చేస్తామంటే, ప్రయోగాలు పూర్తికాలేదు ఇంకొన్నాళ్లు ఉంచమని అడిగాడనీ చెబుతారు. చివరి ముక్క కల్పన కావచ్చు, బిలియర్డ్స్ పిచ్చి పట్టినవాళ్లని చూసినవాళ్లకి మాత్రం నమ్మబుద్ధవుతుంది. మింగో తన విన్యాసాలతో 1827లో ఒక పుస్తకం వేశాడు. మూడేళ్లకే లండన్‌లో బల్లలు తయారు చేసే జాన్ థర్‌స్టన్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు.

తోలు వచ్చాక సుద్ద విలువ తెలిసింది. తోలు మెత్తన, పొడిని పట్టి ఉంచుతుంది. కొయ్య అలా పట్టి ఉంచలేదు. ఈ కిటుకుతో డబ్బు చేసుకున్న మొదటివాడు ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో బిలియర్డ్స్ మార్కర్‌గా పనిచేసిన జాన్ కార్. బంతి పక్కన కొట్టి దాన్ని వంకరలు తిప్పించేవాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. రహస్యమేంటని అడిగితే, తన దగ్గరున్న 'తిప్పుడు పొడి' మహిమ అనేవాడు. చిన్న చిన్న మాత్రల డబ్బాల్లో పోసి, డబ్బా అరక్రౌను చొప్పున అమ్మేవాడు. అంటే రెండున్నర షిల్లింగులు. అప్పటి లెక్కల్లో అది చిన్న మొత్తమేం కాదు. డబ్బాలో ఉన్నది మామూలు సుద్దపొడి! కొన్నవాళ్లని మోసం చేశాడనాలా? పూర్తిగా అనలేం. పొడి నిజంగానే పనిచేసేది. కాకపోతే ఆ పొడితో పాటు కార్ చెయ్యి డబ్బాలో రాలేదంతే. ఇవాళ వేల రూపాయల చాక్ కొని మర్నాడే ఆట మారిపోతుందనుకునే కుర్రాళ్లు ఈ కథ ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

సుద్ద కాని సుద్ద

ఇప్పుడు మనం చాక్ అంటున్నదాంట్లో అసలు సుద్ద పాలు లేదన్నా తప్పులేదు. ఈ మార్పు వెనక ఇద్దరున్నారు. ఒకరు అమెరికన్ బిలియర్డ్స్ ఆటగాడు విలియం స్పింక్స్. రెండోవారు షికాగోలో రసాయన శాస్త్రవేత్త విలియం హాస్కిన్స్. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక సుద్దముక్క స్పింక్స్‌కి దొరికింది. మిగతావాటికన్నా అది బ్రహ్మాండంగా పట్టేస్తోంది. ఎందుకో చెప్పమని హాస్కిన్స్ చేతికిచ్చాడు. పరీక్షిస్తే తేలిందేమిటంటే, అది సుద్దే కాదు, అగ్నిపర్వతం నుంచి వచ్చిన బోలురాయి. సిసిలీలోని ఎట్నా పర్వతం దగ్గరిదై ఉంటుందన్నారు.

ఇద్దరూ కలిసి రకరకాల పాళ్లలో పొడులు కలిపి చూశారు. మన ఇసుకలో ఉండే సిలికా, దానికి తోడు సానరాళ్లలో వాడే కురువిందం జాతి అల్యూమినియం ఆక్సైడ్, రంగు, ముక్కగా నిలవడానికి కాస్త బంక. 1897 మార్చి 9న అమెరికాలో పేటెంటు దక్కింది. ఇప్పటి చాక్‌లన్నిటికీ తాత అదే. బడిలో వాడే సుద్ద మెత్తగా పూతలా అంటుకుంటుంది. దీంట్లో రేణువులు గట్టివి, అంచులున్నవి. ఒక పక్క తోలులో గుచ్చుకుంటాయి, రెండో పక్క బంతిని పట్టుకుంటాయి. అన్నట్టు ఈ హాస్కిన్స్ మామూలోడు కాదు. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ మార్ష్ 1905లో నైక్రోమ్ తీగ తయారుచేశాడు. మన ఇళ్లలో ఇస్త్రీపెట్టె, రొట్టెలు కాల్చే టోస్టరు వేడెక్కేది అలాంటి తీగతోనే.

ఇలా ఇంత చవకైన వస్తువు వెనక ఇంత రసాయనం ఉందన్నమాట. అయితే అసలు కథ ఇక్కడితో అయిపోలేదు. చాక్‌కి ఇంకో ముఖం ఉంది.

కాపాడేదే కాటేస్తే...

టిప్ బంతిని తాకగానే దాని మీద చిన్న నీలం చుక్కో, పచ్చ చుక్కో పడుతుంది. తెల్ల బంతిని దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. బంతి దొర్లుతూ పోతుంటే గుడ్డకు రాసుకుని కొంత చెరిగిపోతుంది. చెరగని చుక్క సరిగ్గా ఎదుటి బంతిని తాకే చోటికొచ్చిందనుకోండి. రెండు నున్నటి బంతులు ఒకదాన్నొకటి తాకి జారాల్సిన చోట గరుకు పొడి అడ్డం పడుతుంది. బంతులు ఒక్క క్షణం అతుక్కున్నట్టవుతాయి. ఎదుటి బంతి వెళ్లాల్సిన దారి వదిలి పక్కకి పోతుంది. తెల్ల బంతి ఒక్కోసారి గాల్లోకి చిన్న గెంతు గెంతుతుంది. స్నూకర్‌లో దీన్ని కిక్ అంటారు. గురి, బలం, నిలబడ్డ తీరు అన్నీ సరిగ్గా ఉన్నా బంతి గుంటలో పడదు. ఎవర్ని తిట్టాలో తెలీదు.

కిక్ వెనక ఏముందనే దానిమీద ఏళ్లకేళ్లు వాదనలు నడిచాయి. స్థిర విద్యుత్ అన్నవారున్నారు, బంతులకు పట్టిన మురికన్నారు, కొత్త గుడ్డ అన్నారు. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పిన డేవిడ్ ఆల్సియాటోర్ హైస్పీడ్ కెమెరాలు పెట్టి ఇలాంటివి చాలా పరీక్షించాడు. బంతులు తాకే చోట చాక్ ఉంటే ఎదుటి బంతి దారి ఎంతలా మారుతుందో ఆ ప్రయోగాల్లో తేటతెల్లమైంది. పోటీల్లో ఆటగాడు రిఫరీని పిలిచి బంతి తుడవమని అడిగేది ఇందుకే. తెల్ల చేతిగ్లవుజులు వేసుకున్న రిఫరీ బంతిని తీసి తుడిచి, తిరిగి అదే చోట పెడతాడు.

అంటే ఒకే పొడి ఒకచోట కావాలి, ఇంకోచోట కూడదు. కర్రకీ బంతికీ నడుమ పట్టు కావాలి, బంతికీ బంతికీ నడుమ వద్దు. చాక్ ఎంపికంతా ఈ ఒక్క మెలిక మీదే ఆధారపడి ఉంది. బాగా పట్టే చాక్ ఏదీ అని మాత్రమే అడిగేవాడు సగం ప్రశ్నే అడుగుతున్నాడు. పట్టాక ఎంత వదులుతుంది అనేది మిగతా సగం.

చాలా ఏళ్లపాటు స్నూకర్ ప్రపంచంలో షికాగోలోని ట్వీటెన్ కంపెనీ ట్రయాంగిల్ చాక్‌దే రాజ్యం. పూల్ బల్లల దగ్గర అదే కంపెనీ మాస్టర్ రకం. చవక, ఎక్కడ పడితే అక్కడ దొరికేది, నమ్మకంగా పట్టేది. పొడి మాత్రం ధారాళంగా వదిలేది. 2010ల రెండో సగంలో ఫిన్లండ్ నుంచి టావోమ్ అనే చాక్ వచ్చింది. పట్టు తగ్గకుండా బంతి మీద మరక తక్కువ పడేలా చేశామన్నది వాళ్ల మాట. ప్రొఫెషనల్ ఆటగాళ్లు ఒకరిని చూసి ఒకరు దానికి మారిపోయారు. కిక్‌లు తగ్గాయని వాళ్లలో చాలామంది గట్టిగానే చెబుతారు. జపాన్ నుంచి కముయి, ఇటలీ లొంగోనీ వాళ్ల బ్లూ డైమండ్... ఇలా పూల్ ఆటగాళ్ల వేటలో మరికొన్ని ఉన్నాయి. ధరల సంగతంటారా... మామూలు క్లబ్బు చాక్ ముక్క కొన్ని పదుల రూపాయలు. పై రకాల్లో కొన్ని వెయ్యి దాటిపోతాయి.

వెయ్యి రూపాయల చాక్ కొనాలా? పోటీల్లో ఆడేవాడైతే కొనొచ్చు. ఒక ముక్క నెలల తరబడి వస్తుంది కాబట్టి లెక్కేసుకుంటే మరీ అన్యాయం కాదు. వారానికి రెండు సాయంత్రాలు ఆడేవాడికి మాత్రం ఆ డబ్బుతో అరిగిపోయిన టిప్ మార్పించుకోవడమే లాభం. గట్టిపడి గాజులా నున్నబారిన తోలు మీద ఏ దేశపు చాకూ నిలవదు. ఇక పేరూ ఊరూ లేని ముక్కలు పెట్టెలకు పెట్టెలు కొని పార్లర్లో పడేసే యజమానులు ఆదా చేస్తున్నామనుకుంటారు. గుడ్డ మీద పొడి పేరుకుని, అది మార్చాల్సిన రోజు ముందే వచ్చినప్పుడు ఆ ఆదా అంతా తిరుగుటపాలో వెళ్లిపోతుంది.

కొనేముందు చిన్న పరీక్ష చెయ్యొచ్చు. ముక్క మీద బొటనవేలితో మెల్లగా రుద్ది, వేళ్ల నడుమ ఆ పొడిని నలపండి. సన్నగా, పట్టులాగా కాస్త జిగటగా అనిపిస్తే మంచి రకం. ఇసుక రేణువుల్లా గరగరలాడినా, ముట్టుకోగానే పొరలు పొరలుగా రాలిపోయినా వదిలెయ్యండి. ఆ తర్వాత ఒకసారి రాసి, మళ్లీ రాయకుండా వరసగా నాలుగైదు దెబ్బలు నడుమకి కాస్త పక్కగా కొట్టి టిప్ చూడాలి. ఎంత మిగిలిందో తెలుస్తుంది. తెల్ల బంతిని కూడా చూడాలి. ఎన్ని చుక్కలు పడ్డాయో అదీ తెలుస్తుంది. రెండూ ఒకేసారి చూడటమే పరీక్ష.

రంగుదేముంది అంటారా? పట్టుకీ రంగుకీ పెద్ద సంబంధం లేదు. బల్ల గుడ్డ రంగుకి దగ్గర రంగు వాడితే మరకలు కనపడవు. స్నూకర్‌లో పచ్చ చాక్ ఎక్కువగా కనపడేది అందుకే. నీలం గుడ్డ పరిచిన పూల్ బల్ల మీద ఎర్ర చాక్ వాడి చూడండి, సాయంత్రానికి మార్కర్ చూపులు ఎలా ఉంటాయో!

నూరొద్దు, బొట్టు పెట్టండి

మంచి చాక్ కొన్నా పాడుచేసేది రాసే పద్ధతే. ఏ పార్లర్‌కైనా వెళ్లి చాక్ ముక్కలు తిరగేసి చూడండి. పదింట్లో ఏడెనిమిదింటికి నడిమధ్యలో బావిలాంటి గొయ్యి ఉంటుంది. రోట్లో పచ్చడి నూరినట్టు కర్ర కొసను ముక్కలో పెట్టి గిరగిరా తిప్పుతారు. కర్ర తిరుగుతుంటే కిర్రుకిర్రుమని చప్పుడొస్తుంది, ఏదో పెద్ద పని చేస్తున్నట్టుంటుంది. జరిగేది వేరు. గొయ్యి గోడలు టిప్ కింద ఉండే తెల్ల కట్టుకి, దాని కింది కర్రకి రాసుకుంటాయి. అక్కడ రంగు పట్టి కర్ర పాడవుతుంది. టిప్ మీద కొన్నిచోట్ల దిట్టంగా, కొన్నిచోట్ల ఉత్తిగా ఉంటుంది. మిస్‌క్యూ కోసం పెట్టుబడి పెట్టినట్టే.

సరైన పద్ధతికి నిమిషం కూడా పట్టదు. బల్లకి ఒకడుగు వెనక్కి నిలబడాలి, రాలే పొడి గుడ్డ మీద పడకుండా. కర్రను కాస్త వాల్చి పట్టుకుని, చాక్ అంచుతో టిప్ మీంచి మెల్లగా ఒకవైపుకి తుడవాలి. కర్రను చేతిలో కొంచెం తిప్పి మళ్లీ తుడవాలి. అలా నాలుగు వైపులా వస్తే చాలు. బొట్టు పెట్టినంత తేలిగ్గా ఉండాలి కానీ పెళ్లికూతురికి పారాణి పూసినట్టు కాదు. ముఖ్యంగా టిప్ అంచులకి పట్టాలి. వంకర దెబ్బలకి బంతిని తాకేది అంచే. ఆనక దీపం వెలుగులో ఓసారి తిప్పి చూసుకోవాలి. తోలు మచ్చ ఎక్కడైనా మెరుస్తుంటే అక్కడ పట్టలేదన్నమాట. ఎక్కువైందనిపిస్తే నోటితో ఊదొద్దు. బల్లకి దూరంగా వెళ్లి కర్రను మెల్లగా తడితే చాలు.

ఎన్ని దెబ్బలకోసారి రాయాలనేది చాలామంది అడిగేదే. మామూలు చాక్ అయితే ప్రతి దెబ్బకి ముందు. పై రకాలు ఒకసారి రాస్తే నాలుగైదు దెబ్బలు నిలుస్తాయి, అయినా ప్రతిసారీ చూసుకోవడం మానకూడదు. మిస్‌క్యూ అయ్యాక గబగబా చాక్ రాసేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు... అన్న సామెత వీళ్ల కోసం పుట్టిందే. ఇంకోటి, పాత చాక్ పట్టిన టిప్ మీదే కొత్త రకం రాస్తే రెండూ కలిసి గట్టగా తయారవుతాయని, మారేటప్పుడు టిప్‌ను శుభ్రంగా తుడవాలని అనుభవమున్న ఆటగాళ్లు చెబుతారు. వినదగ్గ మాటే.

నిజానికి చాక్ రాయడంలో చాక్‌కి సంబంధించని లాభం ఒకటుంది. ఆ నాలుగైదు సెకన్లు ఆటగాడి కళ్లు బల్ల మీదే ఉంటాయి. తర్వాత ఏ బంతి, తెల్ల బంతి ఎక్కడ ఆగాలి, ఎంత బలం అనేవన్నీ అప్పుడే తేలతాయి. చాక్ జేబులోకి వెళ్లేసరికి మనసులో దెబ్బ తయారై ఉంటుంది. వంగి నిలబడ్డాక ఆలోచించడం మొదలుపెట్టేవాడికీ వీడికీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నేర్పేవాళ్లు కుర్రాళ్లకి మొదట ఇదే అలవాటు చెయ్యాలి. చాలాచోట్ల కర్ర పట్టుకోవడంతో మొదలుపెట్టి ఇది మర్చిపోతున్నారు.

టిప్ సంగతి కొంచెం. దాని పైభాగం చదునుగా ఉండకూడదు, చిన్న నాణెం అంచు వంపులా గుండ్రంగా ఉండాలి. ఆడగా ఆడగా తోలు నలిగి నున్నబడుతుంది. అప్పుడు గరుకు కాగితంతో సుతారంగా నాలుగుసార్లు రుద్దితే చాక్ మళ్లీ నిలుస్తుంది. ప్రతిరోజూ రుద్దితే మాత్రం తోలు అరిగి నెలలోపే కొత్తది వెయ్యాల్సొస్తుంది. చెయ్యి జారకుండా టాల్కం పౌడర్ రాసుకునేవాళ్లు ఆ చేత్తో టిప్ ముట్టుకోకూడదు. జారించే పొడి, పట్టించే పొడి రెండూ ఒకేచోట చేరితే ఫలితం ఏముంటుంది? తేమ కూడా చాక్‌కి శత్రువే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో వానాకాలం వచ్చిందంటే ముక్కలు చెమ్మగిల్లి ముద్దకడతాయి. బిగుతు మూతున్న చిన్న డబ్బాలో వేసుకుంటే ఆ బాధుండదు.

పిల్లలున్న ఇంట్లో బల్ల పెట్టుకున్నవాళ్లు ఇంకో విషయం గమనించాలి. 1996లో పీడియాట్రిక్స్ అనే అమెరికన్ వైద్య పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. అప్పట్లో బజారులో దొరికే చాక్‌లను పరీక్షిస్తే వాటిలో కొన్నింటిలో సీసం చాలా ఎక్కువగా కనపడింది. రంగురంగుల ముక్క కదా, పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకి అందకుండా ఉంచాలి. పెద్దవాళ్లు కూడా ఆట మధ్యలో అదే చేత్తో పకోడీలు తినకుండా కడుక్కుని తినడం మంచిది. ముక్క మీద తయారీదారు పేరే లేకపోతే దాంట్లో ఏం కలిపారో అడిగే దారి కూడా ఉండదు.

ఇక క్లబ్బు మర్యాదలు. సాయంత్రం ఆట ముగిశాక కుంచెతో గుడ్డ దులిపేది, ఇస్త్రీ చేసేది మార్కరే. అతని పని పెంచేది, తగ్గించేది మన చేతుల్లోనే ఉంది. చాక్ బల్ల అంచు మీద పెట్టాల్సి వస్తే రాసే ముఖం పైకి ఉండాలి. బోర్లా పెడితే అంచు మీద మరక, అక్కడ ఆనించిన చేతికి, ఆ చేత్తో తుడుచుకున్న చొక్కాకి మరక. ఆట అయ్యాక క్లబ్బు చాక్‌ను జేబులో వేసుకుని వెళ్లిపోవడం మాత్రం మర్యాదల చిట్టాలో లేదు, అయినా రోజూ జరిగేదే!

చాక్ వల్ల పాయింట్లు కూడా పోతాయి. చాక్‌నో మరొకదాన్నో కొలబద్దగా పెట్టి బంతుల మధ్య సందు కొలవడం స్నూకర్‌లో ఫౌల్. వంగి గురి చూస్తున్నప్పుడు జేబులోంచి ముక్క జారి బంతిని తాకినా ఫౌలే. తాకింది ఎర్ర బంతో, పసుపు బంతో అయితే కనీస శిక్ష 4 పాయింట్లు. అదే నల్ల బంతి అయితే 7 పాయింట్లు తిన్నగా ఎదుటివాడి ఖాతాలోకి వెళ్తాయి.